మన గోల్

తూనీగ అన్న పేరు అతనికి పెట్టింది మామగారే. అప్పటికి ఆయన ఇంకా మామగారు కాలేదు, పంచదార మిల్లు హాకీ జట్టుకి కోచ్. బాయిలర్ దగ్గర పనిచేసే ఫిట్టర్ కొడుకొకడు, పుల్లలా ఉండేవాడు, పెద్దవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి బంతి తీసుకుని మాయమైపోతుంటే చూసి, "వీడెవడ్రా, తూనీగలా ఉన్నాడు! ఇక్కడ వాలాడనుకునేలోపే అక్కడుంటున్నాడు" అని నవ్వాడు. ఆ మాట అలా అతుక్కుపోయింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఇప్పుడా తూనీగకి అరవై దాటాయి. పొట్ట వచ్చింది. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు చప్పుడు చేస్తుంది. అయినా ఊరు అతన్ని మరిచిపోలేదు. పాలప్యాకెట్టుకి దుకాణం దాకా వెళ్ళి రావాలంటే గంట పడుతుంది. దారి పొడుగునా ఎవరో ఒకరు ఆపి, ఎప్పటిదో ఒక గోల్ గురించి అతనికే కళ్ళకు కట్టినట్టు వర్ణించి చెబుతారు. అతను తెలియనట్టు వింటాడు.

నిజానికి అతను మిల్లు జట్టుకి ఆడింది కొన్నేళ్ళే. ఆ కొన్నేళ్ళలోనే మిల్లు జట్టు ముందెన్నడూ గెలవని ఆటలు గెలిచింది. కోచ్ గారి అమ్మాయితో అతనికి పెళ్ళీ అయింది. పెళ్ళయిన కొత్తలో మామగారు మర్యాదకి పోయి, మైదానంలో "అల్లుడుగారూ, బంతి కాస్త ముందుకి ఇవ్వండి" అని కేకేసేసరికి జట్టంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. వారం తిరక్కుండానే ఆయన మళ్ళీ "ఒరేయ్"లోకి దిగిపోయాడు.

మరుసటి ఏడాది ఓడరేవు జట్టు వాళ్ళు కబురు పెట్టారు. పెద్ద జట్టు, మంచి ఉద్యోగం, సముద్రానికి ఎదురుగా క్వార్టర్. ఈ మాట మామగారి చెవిన ఎలా వేయాలో తెలియక తూనీగ ముఖం చాటేసి తిరిగాడు. చివరికి ఆయనే వెతుక్కుంటూ వచ్చి, "వెళ్ళరా. బాగా ఆడు. మాతో ఆడేటప్పుడు మాత్రం కాస్త చూసీచూడనట్టు ఆడు" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన నోట ఒక్క నిష్ఠూరం రాలేదు. వచ్చుంటే తూనీగకి తేలిగ్గా ఉండేది.

రేవు జట్టులో అతను తన వయసంతా ఆడాడు. దేశం జట్టులోకి వెళ్ళింది అక్కణ్ణుంచే. మోకాలు విరిగింది అక్కడే. విరిగినప్పుడు లిఫ్టు పనిచేయకపోతే కెప్టెన్ అతన్ని వీపున వేసుకుని ఆసుపత్రి మెట్లెక్కిందీ అక్కడే. కూతురు పుట్టినప్పుడు జట్టు జట్టంతా వార్డులోకి జొరబడితే నర్సు చీపురు పట్టుకుని తరిమింది. ఉద్యోగం అయిపోయాక భార్య పట్టుబట్టింది, మిల్లు ఊరికి పోదామని. "నాన్నకి దగ్గరగా ఉందాం" అంది. సరేనన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

అప్పట్నుంచీ రెండు ఊళ్ళకీ వాదన. మిల్లు గేటు పక్కన అతని ఫోటో ఉంది, రేవు క్లబ్బు హాల్లోనూ ఉంది. "రేవు వాళ్ళు వాణ్ణి అద్దెకి తీసుకున్నారంతే, సొంతం మాది" అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. "పుట్టించగానే సరా? మనిషిని చేసింది మేం" అని కెప్టెన్ ఫోన్లో అరుస్తాడు. తూనీగ ఎక్కడుంటే అక్కడ తలూపేవాడు. ఇద్దరూ ముసలివాళ్ళు, ఇద్దరూ ప్రేమ కొద్దీ అంటున్న మాటలు. కాదని ఎవరి మనసు కష్టపెట్టాలి?

ఈ ఏడాది పోటీల్లో మిల్లు జట్టు ఫైనల్‌కి వచ్చింది. ఎదురు జట్టు రేవు. ఆట మిల్లు మైదానంలోనే.

మిల్లు జట్టుకి ఇప్పుడు కోచ్ అతని బావమరిది. మామగారి కొడుకు, తండ్రి అంత నవ్వులమనిషి కాదు. మాట తక్కువ, పని ఎక్కువ. తూనీగ పొద్దున్నే ప్రాక్టీసుకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని కుర్రాళ్ళకి నాలుగు మెళకువలు చెప్పేవాడు. బావమరిది ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు గానీ, తూనీగ వచ్చేసరికి ఆ కుర్చీ నీడలోకి జరిపి ఉండేది.

ఫైనల్‌కి వారం ముందు కెప్టెన్ ఫోన్ చేశాడు. ఆయన ఇప్పుడు రేవు జట్టుకి సలహాదారు.

"ఒరేయ్, ఒక సంగతి చెప్తాను, నీ నోరు జాగ్రత్త. మన కుర్రాళ్ళకి ఉత్తుత్తి దెబ్బ నేర్పించాను."

తూనీగ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "నిజంగానా? వచ్చిందా వాళ్ళకి?"

"నీ అంత బాగా రాలేదులే. కానీ పని జరుగుతుంది."

ఉత్తుత్తి దెబ్బ వాళ్ళిద్దరూ కలిసి రేవు గోడౌన్ల వెనక సిమెంటు నేల మీద కనిపెట్టిన ఎత్తు. పెనాల్టీ కార్నర్లో గోల్ పక్కన గీత మీద నుంచి ఒకడు బంతి తోస్తాడు, వలయం అంచున ఒకడు ఆపుతాడు, ఇంకొకడు బలంగా కొడతాడు. అందరూ ఆడేది అదే. వీళ్ళ ఎత్తులో ఆపేవాడు ఆపడు. ఆపినట్టు వంగి బంతిని వదిలేస్తాడు. కొట్టేవాడు ఖాళీ గాలిని బలంగా కొట్టి కిందపడతాడు. అడ్డుకునేవాళ్ళంతా వాడి మీదికి ఉరుకుతారు. ఎడమవైపు మేజోడు సర్దుకుంటూ నిలబడ్డవాడు, ఆటతో తనకేమీ సంబంధం లేనట్టు, వచ్చిన బంతిని మెల్లగా గోల్లోకి నెడతాడు. ఆ మేజోడు సర్దుకునేవాడు తూనీగ. ఆ ఎత్తుతో వాళ్ళు గెలిచిన ఆటలు ఇప్పటికీ రేవులో కథలుగా చెప్పుకుంటారు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అతని ముఖం మీద నవ్వు పోలేదు. "ఏంటండీ, లాటరీ తగిలిందా?" అంది భార్య. ఏమీ లేదన్నాడు.

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక బావమరిది వచ్చి అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. బూటు లేసులు విప్పుకుంటూ, తలెత్తకుండా అడిగాడు.

"బావా, రేవు వాళ్ళ పెనాల్టీ కార్నర్ సంగతి నీకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఏమేం చేస్తారో చెప్పు."

తూనీగ చెప్పాడు. కొట్టేవాడు ఎప్పుడూ గోల్‌కీపర్ కుడి చేతివైపే కొడతాడని చెప్పాడు. బంతి తోసేవాడి భుజం చూసి ఎటు వస్తుందో కనిపెట్టడం చెప్పాడు. మట్టి మీద పుల్లతో గీసి మరీ చూపించాడు. బావమరిది శ్రద్ధగా విన్నాడు.

"ఇంతేనా? ఇంకేమన్నా ఉందా?"

"ఇంతే" అన్నాడు తూనీగ.

 చెప్పొద్దని మాట తీసుకున్నాడు కదా కెప్టెన్, స్నేహితుడి రహస్యం బయటపెట్టడం ఏం మర్యాద, అని ఇంటికి వస్తూ దారంతా తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. అయినా ఆ మాట ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. మాట తీసుకోకపోయినా చెప్పేవాడు కాదని అతనికి తెలుసు.

ఫైనల్ రోజు మధ్యాహ్నానికే మైదానం నిండిపోయింది. షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చేశారు. మామగారిని చక్రాల కుర్చీలో తెచ్చి ముందు వరసలో పెట్టారు. ఆయన తన పాత ఆకుపచ్చ జట్టు చొక్కా కోటు మీద తొడిగించుకున్నాడు. అలాంటిదే ఒకటి తూనీగకీ తెచ్చి ఉంచాడు. పొట్ట దగ్గర పట్టలేదు. భార్య పక్క కుట్లు విప్పి తొడిగింది.

రేవు వాళ్ళ గుడారం అవతలి పక్కన ఉంది. నీలం చొక్కాల మధ్య కెప్టెన్ బట్టతల మెరుస్తోంది. ఆయన రెండు చేతులూ ఊపి, ఇటు రమ్మని సైగ చేశాడు. తూనీగ మామగారి కుర్చీ వైపు చూపించి, ఎలా రాను అన్నట్టు చేతులు తిప్పాడు.

అంతలో రేడియో అమ్మాయి మైకు పట్టుకుని వచ్చింది.

"సార్, రెండు జట్లూ మీరు మావాళ్ళే అంటున్నాయి. ఇవాళైనా తేల్చి చెప్పండి. మీరు నిజంగా ఏ జట్టువారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపి చెవులు రిక్కించారు. మామగారు తలెత్తి అల్లుడి ముఖంలోకి చూశాడు.

"అడగడానికేముందమ్మా ఇందులో?" అన్నాడు తూనీగ. "నేను మిల్లువాణ్ణే. ఎప్పుడూ మిల్లువాణ్ణే."

లౌడ్‌స్పీకర్లలో ఆ మాట మైదానమంతా మోగింది. చప్పట్లు, ఈలలు. మామగారు అల్లుడి చేయి వెతికి పట్టుకున్నాడు. ముసలి కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆ చేతిలోంచి తన చేయి లాక్కుని ఎటైనా పారిపోవాలనిపించింది తూనీగకి. అవతలి గుడారం వైపు చూడలేకపోయాడు.

ఆట మొదలైంది. మిల్లు కుర్రాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. మొదటి గోల్ వాళ్ళదే. జనం లేచి గంతులేశారు. తూనీగ కూడా లేచాడు, చప్పట్లు కొట్టాడు, మామగారి భుజాలు పట్టి ఊపాడు. చేస్తున్నదంతా ఎవరో చెబితే చేస్తున్నట్టుంది. పక్కన భార్య గొంతు చించుకుని అరుస్తోంది. అంత పెద్ద గొంతు ఆమెకి ఉందని అతనికి తెలీదు.

రెండో సగంలో రేవు స్కోరు సమానం చేసింది. ఆట ముగింపుకొస్తుండగా మిల్లు కుర్రాడి కాలికి బంతి తగిలి రేవుకి పెనాల్టీ కార్నర్ వచ్చింది.

నీలం చొక్కాలు వలయం చుట్టూ సర్దుకున్నాయి. ఎడమవైపు, కాస్త దూరంగా, ఒక పొట్టి కుర్రాడు వంగి మేజోడు పైకి లాక్కుంటున్నాడు.

తూనీగకి ఇక మామగారూ లేరు, మిల్లూ లేదు, చొక్కా రంగూ లేదు. ఆ కుర్రాడి వేళ్ళలో తన వేళ్ళున్నాయి. "తొందరపడకు, ఇంకా లేవకు" అని గొణిగాడు. బంతి వచ్చింది. ఆపేవాడు వంగాడు, వదిలేశాడు. కొట్టేవాడు గాలిని కొట్టి బోర్లాపడ్డాడు. ఆకుపచ్చ చొక్కాలన్నీ వాడి మీదికి ఉరికాయి. "ఇప్పుడు!" పొట్టివాడు మెల్లగా, ముద్దుగా, బంతిని ఖాళీ గోల్లోకి నెట్టాడు.

"మన గోల్!" అని అరుపు వినిపించింది. "మన గోల్! మన గోల్!"

అరుస్తున్నది తనేనని తూనీగకి తెలిసేసరికి రెండు చేతులూ ఆకాశంలో ఉన్నాయి. విరిగిన మోకాలు మీద ఎగురుతున్నాడు. అతని చుట్టూ మిల్లు జనం కిమ్మనకుండా కూర్చుని ఉన్నారు. అంత జనంలో నిలబడి ఉన్నది తనొక్కడే. ఒంటి మీద ఆకుపచ్చ చొక్కా, విప్పిన కుట్ల సందులోంచి బనీను.

చేతులు దించాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు వాటిని.

వెనక వరసలోంచి ఎవరో, "ఎవరి గోల్ తాతా?" అన్నారు. కొందరు నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. భార్య మైదానం వైపే చూస్తోంది. మామగారు మాత్రం అందరూ తననే చూస్తున్నారని తెలిసి కూడా ఎవరివైపూ చూడకుండా, ఒళ్ళో రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

ఆట అలాగే ముగిసింది. మిల్లు ఓడిపోయింది. కెప్టెన్ పరుగులాంటి నడకతో వచ్చి తూనీగని కావలించుకుని, "చూశావా! చూశావా మనవాణ్ణి!" అన్నాడు. తూనీగ కొయ్యలా నిలబడ్డాడు. కెప్టెన్ భుజం మీదుగా బావమరిది వస్తూ కనిపించాడు.

"నీకు ముందే తెలుసా బావా?"

లేదనడం ఎంత తేలికో ఆ క్షణంలో అతనికి అర్థమైంది. ఎవరూ నిరూపించలేరు. కెప్టెన్ కూడా కాదనడు.

"తెలుసు" అన్నాడు.

బావమరిది తండ్రి కుర్చీ తోసుకుంటూ జనంలో కలిసిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరే. భార్య ఆకుపచ్చ చొక్కా ఒళ్ళో పెట్టుకుని విప్పిన కుట్లు మళ్ళీ వేస్తోంది. అతను ఎదురుగా కూర్చుని, తిట్టు పడుతుందేమోనని ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నీకూ కోపంగా ఉందా?" అన్నాడు చివరికి.

"కోపం కాదు." సూది ఆపలేదు ఆమె. "రేవులో ఉన్నన్నాళ్ళూ మిల్లు జట్టు వచ్చి ఆడితే, మీవాళ్ళ భార్యల మధ్య కూర్చుని మీ గోల్‌కి చప్పట్లు కొట్టేదాన్ని. మా నాన్న ముఖం చూస్తూ కొట్టేదాన్ని. ఒక్కసారి కూడా నా గోల్ అనిపించలేదు. ఇవాళ మీరు అరిచినట్టు నేను అక్కడ ఎప్పుడూ అరవలేదు, అంతే తేడా."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడూ అడగలేదు."

 తనకి ఆ ఊరు ఎంత సొంతమైతే ఆమెకీ అంతేననుకున్నాడు. అనుకోవడం కూడా కాదు, ఆ ఆలోచనే రాలేదు. ఇన్నేళ్ళ పాటు పక్కపక్కనే నడిచిన మనిషి వేరే దారిలో నడిచిందని ఇప్పుడు తెలిసింది.

మామగారికి వారానికి రెండుసార్లు గడ్డం గీసేది తూనీగే. ఆయన చేతులు వణుకుతాయి, కొడుక్కి ఓపిక లేదు. గడ్డం గీసే రోజు రాగానే వెళ్ళాలా వద్దా అని గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి వచ్చాడు. మూడోసారి వెళ్ళిపోయాడు. బావమరిది తలుపు తీసి, పక్కకి జరిగి, లోపలికి వెళ్ళాడు.

ముసలాయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. తూనీగ వేడినీళ్ళు తెచ్చి, నురగ రాసి, చెంప సాగదీసి గీయడం మొదలుపెట్టాడు. ఒక చెంప అయిపోయింది.

"మామయ్యా, నేను..."

"కత్తి చేతిలో పెట్టుకుని మాట్లాడకు, తెగుతుంది" అన్నాడు ఆయన.

రెండో చెంప కూడా అయ్యాక, తువ్వాలుతో తనే ముఖం తుడుచుకుంటూ అడిగాడు. "ఆ ఎత్తు ఎవరు కనిపెట్టారు?"

"కెప్టెనూ, నేనూ."

"మంచి ఎత్తు." తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేనెంత వెర్రివాణ్ణి చూడు. ఇన్నేళ్ళూ అద్దెకి ఇచ్చాననుకున్నాను. అప్పుడే ఇచ్చేశానన్నమాట."

"క్షమించు మామయ్యా."

"అరిచినందుకా? అరుపు మన చేతిలో ఉంటుందట్రా? దానికి క్షమించేదేముంది." ఆయన గొంతు మారింది. "మైకులో చెప్పావు చూడు, అది చెప్పకుండా ఉండాల్సింది. నా కోసమని చెప్పావు. నేను నమ్మాను."

తూనీగ తల వంచుకుని గిన్నెలో నురగ కేసి చూస్తూ ఉండిపోయాడు. ఆయన లేచి వెళ్ళమని మాత్రం అనలేదు.

గిన్నె కడగడానికి పెరట్లోకి వెళితే బావమరిది కుళాయి దగ్గర బూట్లు తోముతున్నాడు. తూనీగని చూసి కుళాయి కట్టాడు. 

"దాన్ని ఆపొచ్చా?"

తూనీగకి తెలుసు. ఆపే ఉపాయం లోకంలో ఇద్దరికే తెలుసు, అతనికీ కెప్టెన్‌కీ. ఎత్తు ఇప్పుడు అందరూ చూశారు, కానీ దాని గుట్టు మాత్రం ఇంకా వాళ్ళిద్దరిదే. అది కూడా చెప్పేస్తే ఆ గోడౌన్ల వెనక గడిపిన రోజుల్లో తమకంటూ మిగిలేదేమీ ఉండదు.

గిన్నె గట్టు మీద పెట్టాడు. "ఆపేవాడి ఎడమ మడమ చూడాలి" అన్నాడు. "నిజంగా ఆపేటప్పుడు మడమ నేలకి ఆనుకుని ఉంటుంది. బంతి వదిలేయాలంటే బరువు ముందుకెయ్యాలి, అప్పుడు మడమ లేస్తుంది. మడమ లేచిందా, కొట్టేవాణ్ణి వదిలేసి ఎడమకి పరిగెత్తమను."

తడి నేల మీద తనే వంగి చూపించాడు. మోకాలు పట్టేస్తే బావమరిది మోచేయి పట్టుకుని లేపాడు. లేపి, వెంటనే వదిలేశాడు.

"చెప్పావు, సరే. చెప్పాల్సిన రోజు చెప్పలేదు బావా. ఆ ఆట మాకు మళ్ళీ రాదు."

"రాదు" అన్నాడు తూనీగ.

"ప్రాక్టీసుకి కొన్నాళ్ళు రాకు. కుర్రాళ్ళు కోపంగా ఉన్నారు." ఒక్క క్షణం ఆగి, "నేనూ" అన్నాడు.

ఇంటికి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా, తూనీగ కెప్టెన్‌కి ఫోన్ చేశాడు. దాచిపెట్టి ఇంకొన్నాళ్ళు లాగొచ్చు. ఆ పని ఇప్పటికే ఎక్కువైంది.

"ఒరేయ్, ఎక్కడ చచ్చావు? గెలుపు విందులో అందరూ నిన్నే అడిగారు."

"మడమ సంగతి చెప్పేశాను" అన్నాడు తూనీగ. "మావాళ్ళకి."

అవతల ఎక్కడో దూరంగా ఓడ కూత వినిపించింది.

"మీవాళ్ళకి" అన్నాడు కెప్టెన్.

"తప్పే. తెలిసే చేశాను."

"సరేలే. ఇంకోటేదో వెతుక్కోవాలి, అంతే కదా." ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. మామూలుగా అయితే ఎప్పుడొస్తావని అడిగేవాడు. ఈసారి అడగకుండానే పెట్టేశాడు.

తూనీగ ఫోన్ చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. భార్య వెనక్కి తిరగకుండానే, ఆకలేస్తోందా అని అడిగింది. లేదన్నాడు. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని, "రేవులో ఉన్నప్పుడు సంగతులు చెప్పు" అన్నాడు. "నీవి."

ఆమె పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించింది.